నీడొచ్చింది, జరుపు!

ఎండ విషయంలో నాకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. చదువులో పదో తరగతి దాటలేదు గానీ, మెదక్‌లో మా గల్లీ మిద్దెల మీద ఏ నెలలో ఏ గంటకు ఏ గోడ నీడ ఎక్కడిదాకా పాకుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ఇందులో నా గొప్పేమీ లేదు. అదంతా మా అత్తమ్మ పెట్టిన చదువు.

టేక్మాల్ దగ్గరి పల్లె నుంచి పెళ్లయి వచ్చిన మొదటి వారమే ఆమె నన్ను మిద్దె మీదికి తరిమింది. మాది కిరాయి ఇల్లు. ముందర ఓనరమ్మ స్లాబు ఇల్లు, వెనక వాకిట్లో మా రెండు రేకుల గదులు. ఓనరమ్మను గల్లీ అంతా ఖాలా, అంటే పిన్నమ్మ, అని పిలుస్తుంది, మేమూ అంతే. ఆమెకు మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేదు. అందుకని ఆమె ఎండబెట్టుకునేవన్నీ పైకి మోసి పరవడం, సాయంత్రం దించడం వెనకింటి కోడలి పని. ఎండాకాలంలో మిరపకాయలు, మామిడి ఒరుగులు. రంజాన్ ముందు ఆమె చేత్తో చేసే సేమియా. మంచాల మీద తెల్ల గుడ్డలు పరిచి వాటిని ఆరబెడితే, మిద్దె మీద పెళ్లి జరుగుతున్నట్టుండేది.

ఆ మిద్దెకు రెండు సగాలు. తూర్పు సగానికి పొద్దు పొడిచింది మొదలు సాయంత్రం నాలుగింటి దాకా అడ్డంలేని ఎండ. అది ఖాలాది. పడమటి సగంలో మా బీడీలు, మా పప్పులు. చలికాలంలో మధ్యాహ్నం ఒంటిగంటన్నర అయ్యేసరికి పక్కింటి వాళ్ల నీళ్ల ట్యాంకు నీడ పడమటి సగం మీదికి ఎక్కేస్తుంది. అప్పుడు మా సామానంతా ఖాలా మంచాల సందుల్లోకి జరుపుకోవాలి. అత్తమ్మ కింద వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ ఉంటుంది. తలెత్తి ట్యాంకును చూడదు. ఎదురు గోడ మీద ఎండ గీత చూసుకుని కేకేస్తుంది.

"పిల్లా! నీడొచ్చింది, జరుపు!"

పదిహేనేళ్లు ఆ కేకకు లేచాను. తింటుంటే చెయ్యి కడిగి లేచాను. పిల్లవాడికి పాలిస్తూ లేచాను. ఆ గొంతు మీద నాకు ఎంత కోపమంటే, ఒకసారి ఆమెకు జ్వరమొచ్చి మూడు రోజులు కేకలేకపోతే హాయిగా నిద్రపోయి, మా కందిపప్పు మంచులో తడిపేసుకున్నాను.

ఒకరోజు గల్లీలోకి మైకు కట్టిన ఆటో వచ్చింది. ఆడవాళ్లకు సోలార్ ప్యానెళ్లు బిగించే పని నేర్పిస్తారట, ఫీజు లేదట, పది చదివితే చాలట. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, ఆటో మలుపు తిరిగేలోపు దాని వెనక పరుగెత్తి నంబరు రాసుకున్నాను.

"గోడలెక్కే పని మొగోళ్లది," అంది అత్తమ్మ. "పడితే నడుమిరుగుతది. ఇరిగిన నడుముకు ఎవ్వలు కట్టు కట్టాలె?"

"పదిహేనేండ్ల సంది నన్ను స్లాబెక్కిచ్చింది ఎవ్వలు మరి?" అన్నాను.

దానికి ఆమె ఇచ్చిన జవాబు దగ్గు. ఆ దగ్గు నాకు భయం. తంబాకు దుమ్ము పీల్చీ పీల్చీ ఆమె ఛాతీ పాత హార్మోనియంలా మోగుతుంది. నా చేతులు సబ్బుతో ఎన్నిసార్లు కడిగినా అన్నంలో అదే వాసన. నాకు ఆ వాసన లేని చేతులు కావాలి, అంతే. ఆ సోలార్ పని నాకు ఎంత కావాలో చెప్పాలంటే ఇంతకంటే మాట లేదు.

ట్రైనింగ్ బస్టాండు దగ్గర, టైర్ల దుకాణం పైన. పన్నెండు మందిమి, ఎక్కువమందిమి బీడీలు చుట్టేవాళ్లమే. నేర్పే సార్ సిద్దిపేట దిక్కు కుర్రవాడు, మమ్మల్నందరినీ అక్కా అంటాడు. మొదటి రోజు నిచ్చెన ఎక్కమంటే చీర కొంగులు నడుముకు దోపుకుని, ఒకరినొకరు కిందనుంచి పట్టుకుని, దేవుణ్ని తలుచుకుంటూ ఎక్కాం. వారం తిరిగేసరికి చీరల కింద ప్యాంట్లు వచ్చాయి. ఇంకో వారానికి చీరలు పోయాయి. వైరు కొసకు పిన్ను పెట్టి నొక్కి డబ్బీలో దూర్చి కనెక్టర్ చేసే పనిలో మాత్రం సార్ మమ్మల్ని చూసి నోరు తెరిచాడు. రోజంతా బీడీల మూతులు మడిచే వేళ్లకు అదొక లెక్కా!

నాకు జత దర్జీ ఇంటి పిల్ల. ఇంట్లో ఉర్దూ, గల్లీలో తెలుగు. రెడీమేడ్ బట్టలొచ్చాక వాళ్ల నాన్న కుట్టుమిషను మూలకు పడింది, ఇల్లు ఈమె మీద పడింది. నన్ను అక్కా అంటుంది, నేను చెల్లె అంటాను. ఎత్తంటే కొంచెం బెదురు గానీ వైర్ల దగ్గర ఆమెను మించినవాళ్లు మాలో లేరు. అందుకని పంచుకున్నాం. జాగ చూసి ప్యానెళ్లు నిలబెట్టడం నాది, వైరింగ్ ఆమెది.

నా పేరు మోగింది నీడ పాఠం రోజున. సార్ మమ్మల్ని టైర్ల దుకాణం మిద్దె మీదికి తీసుకెళ్లి, ఫోన్‌లో ఒక యాప్ తెరిచి, ఆకాశానికి చూపించి, ఇక్కడ ఏడాది పొడుగునా నీడ పడదు, ప్యానెల్ పెట్టొచ్చు అన్నాడు. నేను చుట్టూ చూశాను. మెట్లగది ఉంది. దాని మీద దుకాణం వాళ్లు పేర్చిన పాత టైర్లున్నాయి.

"మూడు గొట్టంగనే వస్తది సార్," అన్నాను.

"యాప్‌ల సాఫ్ జూపిస్తుంది గదక్కా?"

"యాప్‌కు టైర్ల ముచ్చట తెల్వది సార్."

పందెం కట్టినట్టు అందరం కూర్చున్నాం. మూడింటికి టైర్ల నీడ ఎలుకలా మెల్లగా వచ్చి, సార్ సుద్దతో గీసిన గీతను తొక్కింది. మిగతా పదకొండు మందీ చప్పట్లు కొట్టారు. సార్ మంచివాడు, తనూ కొట్టాడు. "ఈ అక్క ఉన్నంక యాప్ ఎందుకు!" అన్నాడు. ఆ సాయంత్రం ఇంటికి నడిచి కాదు, తేలుతూ వెళ్లాను.

ఆ తర్వాత వచ్చింది అసలు పరీక్ష. జతకొక ఇల్లు మేమే చూసుకోవాలి. ప్యానెళ్లు, బ్యాటరీ ట్రైనింగ్ పెట్టిన కంపెనీయే ఇస్తుంది. మేం బిగించినవి నెల రోజులు సరిగ్గా కరెంటు ఇస్తే కంపెనీలో ఉద్యోగం. లేకపోతే ట్రైనింగ్ కాగితం చేతికిచ్చి, వెళ్లి రండి అంటారు.

ఇల్లు చూసుకోమనగానే మా పన్నెండు మందిమీ ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఎండాకాలంలో ఫ్యాను ఆగితే ఉడికిపోయేది మేము, సోలార్ కావాల్సింది మాకు. మా నెత్తిన ఉన్నవేమో రేకులు, అవీ కిరాయివి. వాటి మీద కాకి గట్టిగా వాలితేనే కిందికి శబ్దమొస్తుంది, ప్యానెల్ ఎక్కడ ఆనుతుంది? ఎండ అందరి మీదా పడుతుంది గానీ స్లాబు అందరికీ ఉండదని ఆ రోజు నాకు మండిపోయింది. మండిపోయి ఏం చేస్తాం, స్లాబులున్నవాళ్ల తలుపులు తట్టాం. "ఆడోళ్లు బిగిస్తే వానకు కొట్టుకపోదా?" అని ఒకాయన నవ్వాడు. ఇంకొకావిడ టీ ఇచ్చి మరీ వద్దంది.

చివరికి ఖాలా దగ్గర కూర్చున్నాను.

"ఖాలా, పైన మూడు ప్యానెళ్లు పెడ్తం. కరెంటు పోయినా మీ ఫ్యాను తిరుగుతది. మా గదులకు ఒక వైరు గుంజుకుంటం."

ఖాలా తమలపాకు మడుస్తూ అడిగింది. "పెట్టుకోండ్రి. మరి రంజానొస్తున్నది. నా సేమియా ఏడ ఎండాలె?"

ఇక్కడే నేను చేసిన తప్పు. తూర్పు సగం ఇయ్యండి ఖాలా, మీ సేమియాకు వేరే దారి చూద్దాం అనాలి. నోరు రాలేదు. కిరాయికున్నవాళ్లు ఓనరు ఎండ అడగరు. ఎవరూ నేర్పకుండానే అందరికీ తెలిసిన మర్యాద అది.

"మీ జాగ ముట్టుకోము ఖాలా. పడమటి దిక్కు పెడ్తం," అన్నాను.

"మాట?"

"మాట."

పడమటి దిక్కుకు ఒంటిగంటన్నరకు ఏమవుతుందో నా కంటే బాగా తెలిసినవాళ్లు ఈ భూమ్మీద మా అత్తమ్మ ఒక్కతే. అయినా నాకు నేను సర్దిచెప్పుకున్నాను. రెండు గంటల నీడే కదా, మిగతా పొద్దంతా ఎండే కదా, నెల రోజులు ఎట్లాగో నెట్టుకొస్తే చాలు కదా అని.

సార్ జాగ చూడ్డానికి పొద్దున పదింటికి వచ్చాడు. పడమటి సగమంతా తళతళలాడుతోంది. ఆయన పక్కింటి ట్యాంకు వైపు వేలు చూపించాడు.

"దాని నీడ ఇటు రాదా అక్కా?"

"రాదు సార్. గల్లీలకు పడ్తది."

జేబులోకి పోయిన చెయ్యి ఫోను తీయకుండానే బయటికొచ్చింది. "మీరు చెప్పినంక యాప్ ఎందుకు," అని సంతకం పెట్టేశాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను రచ్చ గెలిచి ఇంట ఓడాను.

బిగించిన రోజు మాత్రం పండగే. ఖాలా ఫ్యాను తిరిగింది, మా రేకుల గదిలో బల్బు వెలిగింది. అత్తమ్మ ఆ బల్బు కింద కూర్చుని "గీ ఎండనేనా ఇన్నేండ్లు నేను మిరపకాయలకు పోసింది," అని ఆశ్చర్యపోయింది. చెల్లె వాళ్ల అమ్మ ఖీర్ పంపింది.

ఆ పండగ వారం రోజులే. ప్యానెళ్లు ఎంత ఇస్తున్నాయో సార్ ఫోన్‌లో గీత కనిపిస్తుంది. పొద్దుటి నుంచి బుద్ధిగా పైకెక్కిన గీత మధ్యాహ్నం కాగానే బావిలో రాయిలా పడిపోయేది. మూడు ప్యానెళ్లూ గొలుసులా కలిపి ఉంటాయి, ఒకదాని మీద నీడ పడితే మూడూ నీరసపడతాయి. సార్ ఫోన్ చేశాడు. పొద్దున వచ్చి చూశాడు, అన్నీ బాగున్నాయి. ఇంకో పొద్దున వచ్చాడు, అప్పుడూ బాగున్నాయి. తల గోక్కుని, "మధ్యాహ్నం వేడికి కనెక్టర్ల జోడు వదులైతున్నట్టున్నది," అన్నాడు.

కనెక్టర్లు చెల్లె పని.

ఆ పిల్ల పొద్దున్నే వచ్చి మధ్యాహ్నానికల్లా ఇంటి పనికి పోయేది. అన్నీ కోసేసి మళ్లీ నొక్కింది. గీత మళ్లీ పడింది. మళ్లీ కోసి, మళ్లీ నొక్కింది. బొటనవేలు చర్మం లేచిపోతే గుడ్డపేలిక చుట్టుకుని నొక్కింది. "నేను ఏడ తప్పు జేస్తున్ననో సమజైతలేదక్కా," అంది. నేను తేలు కుట్టిన దొంగలా పక్కన స్పానర్ తుడుస్తూ కూర్చున్నాను. నా జీవితంలో నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు. అయినా నోరు తెరవలేదు. తెరిస్తే ఉద్యోగం పోతుంది.

చివరికి సార్ ఇంకో ఇన్వర్టర్ మిషను పట్టుకుని మధ్యాహ్నం పూట వస్తానన్నాడు. అదీ మార్చి చూసి, అప్పటికీ కుదరకపోతే వైరింగ్ లోపమని రాస్తాడట. అలా రాస్తే చెల్లె ఒక్కతే పోతుంది, నాకు వేరే జతను చూస్తారు. అంటే నోరు మూసుకుని కూర్చుంటే చాలు, నేను గెలుస్తాను.

ఆ రోజు సార్ ఒంటిగంటకు వచ్చాడు. మిషను మార్చాడు. గీత చక్కగా పైనే ఉంది. "చూసిండ్రా, మిషన్‌దే తప్పు!" అని నవ్వాడు. చెల్లె కళ్లు మెరిశాయి. ముగ్గురం ఫోను మీదికి వంగి ఉన్నాం. అప్పుడు కింద వాకిట్లోంచి, పదిహేనేళ్లుగా వస్తున్నట్టే, తలెత్తకుండానే, ఆ గొంతు వచ్చింది.

"పిల్లా! నీడొచ్చింది, జరుపు!"

ఫోన్‌లో గీత పడిపోయింది.

సార్ మొదట గీతనే చూశాడు. తర్వాత మెల్లగా, "ఏం జరపాలంట?" అని నన్నడిగాడు. అప్పుడైనా ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ చెల్లె బొటనవేలి గుడ్డపేలిక నా కళ్లముందే ఉంది.

"ట్యాంకు నీడ సార్," అన్నాను. "రోజు గీ యాల్లకే వస్తది. నాకు ముందే తెలుసు. చెల్లె తప్పేం లేదు."

సార్ తిడితే బాగుండేది. ప్యానెల్ అంచు మీదికి వచ్చిన నల్లటి నీడను చూస్తూ నిలబడి, ఫోను జేబులో పెట్టుకున్నాడు. చెల్లె మాత్రం అప్పటిదాకా ఆపుకున్నదంతా ఒక్కసారిగా ఏడ్చేసింది. "రెండుసార్లు కోసిన అక్కా! రెండుసార్లు! నువ్వు చూసుకుంట కూసున్నవ్!" అంది. ఆమె ఏడుపు కింది దాకా వినబడింది.

ఆ తర్వాత మెట్ల మీద ఏదో శబ్దం. చూస్తే ఖాలా. ఎన్నో ఏళ్లుగా ఎక్కని మెట్లు, ఒక్కోదాని మీద రెండు కాళ్లూ పెట్టి, గోడ పట్టుకుని ఎక్కి వస్తోంది. వెనక చాట పట్టుకునే మా అత్తమ్మ.

"ఏమాయె? గీ పిల్ల ఎందుకు ఏడుస్తున్నది?"

చెప్పాను. సేమియా, మాట, ట్యాంకు, అంతా. ఖాలా ఊపిరి కూడగట్టుకుని నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"సేమియా ఏడ ఎండాలె అని అడిగిన. ఇయ్యనంటినా?"

"అనలే ఖాలా."

"అడగకుండనే నన్ను పిసినారిని జేసినవ్. ఇద్దరు పిల్లల నౌకరీ నా సేమియా మింగిందని రేపు గల్లీల అంటే నా ఇజ్జత్ ఏమైతది?" తూర్పు సగం దాకా నడిచి, ఎండలో కాసేపు నిలబడింది. ఎన్నాళ్లకో చూస్తున్న తన మిద్దె. "గీడ పెట్టుండ్రి. జర ఎత్తుగ పెట్టుండ్రి, కింద మనిషి కూసునేటట్టు. ఎండ మీరు తీస్కోండ్రి, దాని కింద నీడ నాకియ్యుండ్రి. సేమియా చేసుడు నీడకే గద. ఆరుడు సంగతి గా పడమటి దిక్కు చూసుకుంటది, ఒక రోజు ఎక్కువైతదేమో, అల్లా మాలిక్."

అత్తమ్మ చాట కింద పెట్టి, "నాకు గూడ జర జాగ ఉంచు ఖాలా," అంది.

సార్ రిపోర్టు రాశాడు. జాగ చూడ్డంలో తప్పు, అది నాది అని ఉన్నదున్నట్టు రాశాడు. నెల మళ్లీ మొదటి రోజు నుంచి లెక్క. రెండు రోజుల్లో ప్యానెళ్లు తూర్పుకు మార్చాం. చెల్లె ఐదు రోజులు నాతో మాట్లాడలేదు. స్పానర్ అడిగితే మొహం అటు తిప్పుకుని ఇచ్చేది. ఆరో రోజు, "నీ పక్కన నేను ఇంకోసారి వైర్లు కొయ్య, చెప్తున్న," అంది. ఆ తిట్టు నాకు ఖీర్ కంటే తియ్యగా ఉంది.

నెల గడిచింది, గీత పడలేదు. ఇద్దరికీ ఉద్యోగాలొచ్చాయి. ప్యానెళ్ల కింద నీడలో ఇప్పుడు ఖాలా, అత్తమ్మ పక్కపక్కన కూర్చుంటారు. ఖాలా మోకాళ్లను తిట్టుకుంటూనే రోజూ ఎక్కుతుంది. పడమటి దిక్కున ఆరబెట్టినవి జరపడానికి నేను ఇంట్లో ఉండను కదా, ఒంటిగంటన్నరకు అత్తమ్మ తనే కేకేసి తనే లేస్తుందట. ఎండతోపాటు గాలి కూడా తగిలి దగ్గు కాస్త తగ్గింది. బీడీలు మాత్రం మానలేదు.

ఏ ఇంటికి వెళ్లినా నేను మొదట కలిసేది ఆ ఇంటి ఆడమనిషినే. అమ్మా, ఒరుగులు ఏడ ఎండబెడ్తరు, అని అడుగుతాను. నన్ను వింతగా చూసి మరీ చూపిస్తారు. మంచి ఎండ అక్కడే ఉంటుంది. ఆ జాగ కావాలని అడుగుతాను, బదులేం ఇవ్వగలమో కూడా అక్కడే మాట్లాడుకుంటాం.

కానీ సార్ విషయం వేరు. పలకరింపు, నవ్వు అన్నీ మామూలే. నేను నీడ లేదన్న ప్రతి మిద్దెకూ మాత్రం తనే వచ్చి, ఫోను తీసి ఆకాశానికి చూపించేవాడు. నేను పక్కకు తిరిగి వైర్లు చుట్టుకునేదాన్ని. ఆయనది తప్పంటానా? అయినా ప్రతిసారీ గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టే ఉండేది.

మొన్న శంకరంపేట దగ్గర ఒక ఇంటికి వెళ్లాం. పొద్దున తొమ్మిదింటికి సార్ ఫోన్ చేశాడు.

"అక్కా, నేను వస్తలేను. మీరే చూసి చెప్పుండ్రి, నీడున్నదా లేదా."

మిద్దె చుట్టూ చూశాను. తీరా చూస్తే ఒక్క వేపచెట్టు, అదీ ఉత్తరాన దూరంగా. అక్కడికక్కడే చెప్పేయొచ్చు. చెప్పలేదు. మళ్లీ చేస్తానని ఫోన్ పెట్టేసి, సుద్దతో గీత గీసి, పిట్టగోడకు ఆనుకుని కూర్చున్నాను. చెల్లె నన్ను చూసి, తనూ పక్కన కూర్చుంది. మధ్యాహ్నం ఇంటావిడ చాయ్ తెచ్చి, "ఎవలి కోసం చూస్తున్నరు బిడ్డా?" అని అడిగింది.

"నీడ కోసం అమ్మా," అన్నాను.

పొద్దు గూకేదాకా అక్కడే ఉన్నాం. గీత దగ్గరికి ఏదీ రాలేదు. అప్పుడు ఫోన్ చేశాను.

"లేదు సార్. పొద్దంతా కూసోని చూసిన."

"మీరు చెప్పినంక ఇగ చూసేదేమున్నదక్కా, రేపు పని షురూ చేయుండ్రి," అన్నాడు.

ఉద్యోగం వచ్చిన రోజు కూడా నాకు అంత సంతోషం కలగలేదు.